పచ్చ పక్కన ఎరుపు

ఆ ఏడు శివరాత్రి దాటి మా ద్రాక్షతోట చిగురేసేటప్పటికి, కంటికి ఆనినంత మేర ఇంక యాడా పచ్చ లేదు. తనకల్లు నుంచి మా ఊరికి వచ్చే దోవలో రెండు పక్కలా ఎర్రనేల, నల్లగుండ్లు, దున్నకుండా వదిలేసిన చేలు. మలుపు తిరగ్గానే జంటగుట్టలు, వాటి నడుం దాకా మా పందిళ్లు. బస్సులో పోయేవాళ్లు తలకాయలు బయటపెట్టి చూసేవాళ్లు. పెండ్లయి వచ్చిన కొత్తలో నాకు అది గొప్పగా ఉండేది. ఆ ఏడు మాత్రం ఎవరైనా అట్లా చూస్తే తల దించుకునేదాన్ని. కరువులో పచ్చగా కనపడడం, ఆకలిగొన్నోళ్ల ముందర విస్తరేసుకుని కూర్చున్నట్టుంటుంది.

తోట మా మామ బయ్యన్నది. అత్త నేను రాకముందే పోయింది. మామ, నా మొగుడు ప్రవీణ్, నేను, అంతే ఇంట్లో. గుట్టల్లో రాయి పగలగొట్టించి, ఆ రాళ్లనే కూసాలుగా నిలబెట్టి, వాటిమీద పందిరేసి, ద్రాక్ష పండుతుందని ఊరికి చూపించిన మనిషి మామ. కోత అయిపోయినాక తీగలను కత్తిరించేస్తారు. ఆ మోళ్ల మీద వచ్చే కొత్త చిగురులోనే మళ్లీ ఏటి కాపు దాగుంటుంది. అది చెడితే ఏడాది పోయినట్టే.

ఆ చిగురును చూసే జాయ్ దిగింది. ఏళ్ల తరబడి పుట్టపర్తిలో ఉంటున్న పెద్దామె. ఏ దేశమో చెప్పింది గానీ ఆ పేరు నాకు నోరు తిరగలేదు. తెలుగు నేర్చుకుంది, కానీ అందరినీ మీరు అనేది, మా కోళ్లను కూడా. కదిరికి పోతూ దోవలో గుట్టలు చూసి ఆటో ఆపించిందంట. బొమ్మ వేసుకుంటానని మామను అడిగింది. మామ ఆమెను, ఆమె మూటలను, మడతపెట్టిన కొయ్యబల్లను కాసేపు చూసి, తోటలో కాయ లేదు కదా, ఇప్పుడేముందని బొమ్మ వేస్తావని అడిగినాడు. ఇప్పుడే ఉంది అని చెప్పింది ఆమె.

ఎదురుగా ఉన్న బోడిగుట్ట మీద, కానుగచెట్టు నీడలో దినమూ పొద్దున్నే కూర్చునేది. నేను మజ్జిగ తీసుకుపోయేదాన్ని. దగ్గరికి పోయి చూస్తే బొమ్మలో ఏమీ లేదు. గరిటెతో పూసినట్టు రంగు ముద్దలు, ఒకదాని పక్కన ఒకటి. పది అడుగులు వెనక్కి పోతే, మా తోట. గాలి కూడా తోలుతున్నట్టుండేది.

మామ ఒకరోజు నా వెనకాలే వచ్చి చూసి, మన గుట్టకు ఊదారంగు యాడుందని అడిగినాడు. ఎండ ఎక్కనీయండి, చూద్దురుగాని అనింది జాయ్. ఎండ ఎక్కింది. కూసాల నీడలు నిజంగానే ఊదాగా ఉన్నాయి. ముప్పై ఏళ్లుగా ఆ నీడల్లోనే తిరిగిన మనిషి, ఒక్కొక్క కూసాన్నీ కొత్తగా చూసినాడు. అప్పట్నుంచి దినమూ వచ్చి చూసేవాడు. మామ తోటను చూసిన ప్రతి మనిషీ ధర అడిగినోడే. ఊరికే చూసింది ఆమె ఒక్కతే.

మా గుట్టల కిందే ఆదెప్ప చేను ఉండాది. మూడెకరాలు. అందులో మల్బరీ వేసి, పట్టుపురుగులు పెంచేవాళ్లు ఆదెప్పా, అతని పెండ్లాం మారెక్కా. పోయిన ఎండాకాలం మామ కొత్తగా లోతుబోరు వేయించినాడు. నెల తిరక్కముందే ఆదెప్ప బోరులో నీళ్లు పోయి గాలి వచ్చింది. ఒక తడికి పైపు ఇమ్మని వచ్చి అడిగినాడు. ఇస్తే రేపు ఊరంతా వస్తుంది ఆదెప్పా అని మామ అన్నాడు. ఆదెప్ప సరేనన్నా అని లేచి పోయినాడు. అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. మల్బరీ ఎండింది. పురుగుల తట్టలు కడిగి, ఇంటి గోడకు ఆనించి పెట్టుకున్నారు. ఆ తర్వాత పొద్దున సాయంత్రం, తన చేనిగట్టు మీద కూర్చుని మా గుట్టదిక్కు చూస్తుండేవాడు. తలకు ఎర్రటువాలు చుట్టుకుని.

"వాడు రెండు మాటలు తిట్టింటే నాకు బాగుండు" అనేవాడు మామ, అన్నం తింటూ తింటూ ఆగి.

బొమ్మ అయిపోయింది. తలుపంత వెడల్పు. నూనెరంగులు ఆరడానికి వారాలు పడుతుందంట. ఆటోలో తీసుకుపోతే చెదిరిపోతుంది, అంతదాకా మీ ఇంట్లో పెట్టుకుంటారా అని జాయ్ అడిగింది. మామే దగ్గరుండి నడవలో, ఎండ తగలనిచోట గోడకు ఆనించి పెట్టించినాడు. ఇంటినిండా అవిసెనూనె వాసన. వచ్చినోళ్లందరికీ మామ చూపించేవాడు. వెనక్కి, ఇంకా వెనక్కి పోండప్పా అని చెప్పి చూపించేవాడు. తన తోట ఎంత అందంగా ఉండాదో మామ ఆ బొమ్మలోనే మొదటిసారి చూసుకున్నాడనిపించేది నాకు.

బొమ్మ ఇంకా ఆరకముందే తోట తిరగబడింది.

మొదట చూసింది నేనే. చిగుర్లు మెలికలు తిరిగినాయి. లేత ఆకు విచ్చుకోకుండా, విసనకర్ర మడతల్లా ముడుచుకుపోయింది. ఈనెలు దగ్గరికి లాక్కుని, ఆకులు కోడికాళ్ల లెక్క అయినాయి. ఒక మూల కాదు, ఒక సాలు కాదు. రెండు గుట్టలూ ఒకే తీరు. మామ తీగ తీగకూ పోయి ఆకు తిప్పి చూసినాడు. పురుగు లేదు, బూజు లేదు. తనకల్లు నుంచి మందులంగడి ఆయన్ను పిలిపిస్తే, ఆయన ఒక కొమ్మ తుంచి, ఆకు విప్పి ఎండకు పట్టి చూసినాడు. ఇది తెగులు కాదన్నా, గడ్డిమందు తగిలిందన్నాడు. గాలికి వచ్చి పడిందైతే ఒక పక్కే మాడాల, తోటంతా ఒకటే తీరుగా ఉండాదంటే నీళ్లలోనే కలిసింటాదని చెప్పి, బండెక్కి పోయినాడు.

ఆ పొద్దు మామ అన్నం ముట్టలేదు. నడవలో బొమ్మ ముందర కూర్చున్నాడు. నేను చెంబుతో నీళ్లు తీసుకుపోయేసరికి లేచి, బొమ్మ దగ్గరికి పోయి, మళ్లీ వెనక్కి వచ్చినాడు. పై గుట్టమీద మా నీళ్ల తొట్టి ఉండాది. బోరు నీళ్లు దాంట్లో పడి, అక్కణ్నుంచే డ్రిప్పు పైపుల్లోకి దిగుతాయి. బొమ్మలో ఆ తొట్టి పక్కన నిలువుగా ఒక తెల్లటి మరక. దాని నెత్తిన, గోరంత ఎరుపు.

మామ ప్రవీణ్‌ను పిలిచినాడు. వేలు పెట్టకుండా, గడ్డంతో చూపించినాడు.

"ఎవురది?"

ప్రవీణ్ చూసినాడు. తెల్లచొక్కా, ఎర్రటువాలు. అట్లా అనుకుని చూస్తే, మనిషి తప్ప ఇంకేమీ కనపడదు. నాకూ కనపడినాడు. ప్రవీణ్ ఏమీ చెప్పలేదు. మామకు అదే జవాబయింది.

మరుసటి రోజుకల్లా ఊరంతా మా నడవలో ఉంది. ఒకరి తర్వాత ఒకరు వచ్చి, దగ్గరికి పోయి, వెనక్కి వచ్చి, తలలూపినారు. ఆదెప్పే అని ఎవరూ నోరు తెరిచి అనలేదు. అనాల్సిన అవసరం లేకపోయింది. అతని బోరు ఎండిన కథ అందరికీ తెలుసు. తోట మాడక ముందునుంచే అందరూ అతని మీద ఒక కన్నేసి ఉన్నారు. ఇన్నాళ్లూ జరగాల్సిన తప్పొక్కటే తక్కువ, ఇప్పుడు అదీ జరిగింది.

కదిరి నుంచి మామ పెదనాయన కొడుకులు ఇద్దరు వచ్చినారు. వాళ్లను మా ఇంట్లో నేను అంతకుముందు చూసింది నా పెండ్లిలోనే. వాళ్లు ఎవర్నీ ఏమీ అనలేదు. పొట్టేలు కూర తిన్నారు, అరుగుమీద పడుకున్నారు. పొద్దున్నే లేచి ఆదెప్ప చేనిగట్టు మీద ఈ కొసనుంచి ఆ కొసదాకా నడిచి, వచ్చి కాఫీ అడిగినారు. మళ్లీ సాయంత్రం నడిచినారు. గట్టుమీద ఆదెప్ప కూర్చునే ఉన్నాడు. వాళ్లు అతన్ని దాటుకుని పోయినారు.

నేను జాయ్‌కు ఫోన్ చేసినాను. సంగతి చెప్పినాను. మధ్యాహ్నానికే ఆటోలో దిగింది. మామకు ఎదురుగా నేలమీద కూర్చుని, చేతులు జోడించి చెప్పింది. అక్కడ మనిషి లేడు. తెలుపు ఏమంటే తొట్టిగోడ మీద పడిన ఎండ. మరి ఎరుపు ఎందుకు పెట్టినావని మామ అడిగినాడు.

"పచ్చ చాలా ఎక్కువైంది అయ్యా. పచ్చ పక్కన ఎరుపు లేకపోతే బొమ్మ నిద్రపోతుంది. అందుకని పెట్టాను. ఇప్పుడే గీకేస్తాను" అనింది.

మామ వద్దన్నాడు. ఆమెకు మజ్జిగ తెమ్మని నాకు చెప్పినాడు. ఆమె తాగినాక, మర్యాదగానే అన్నాడు.

"నువ్వు మంచిదానివి తల్లీ. ఈడి సంగతులు నీకు తెల్దు. నీ కన్ను చూసింది, నీ చెయ్యి పెట్టింది. చూసినట్టు నీకే తెలీలేదు."

ఆమె ఆటో ఎక్కేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది.

ఆ సాయంత్రమే మారెక్క వచ్చింది, దొడ్డివాకిలి నుంచి. కదిరివాళ్లు అరుగుమీద ఉన్నారని చూసుకునే అటునుంచి వచ్చింటుంది. ఏడవలేదు. ఆ బొమ్మ ఒకసారి చూస్తానమ్మా అని అడిగింది. మామ తోటలో ఉన్నాడు. నడవలోకి తీసుకుపోయినాను. అందరి మాదిరి వెనక్కి పోలేదు ఆమె. ముక్కు తగిలేటంత దగ్గరికి పోయి, ఆ తెల్లమరకను, ఎరుపును చూసింది.

"ఇది మనిషేనామ్మా?" అని అడిగింది నన్ను.

నేనూ దగ్గరికి పోయి చూసినాను. రంగులు పూసే కత్తితో అదిమి లాగిన తెల్లరంగు, దాని పైన ఎర్రటి చుక్క. అంతే. కాదని చెప్పినాను. మారెక్క కొంగు సర్దుకుంది. రేపు పాలకేంద్రం కాడ పంచాయితీ పెట్టినారంట, భూమి మీ మామకు రాసిచ్చి ఊరు విడిచి పొమ్మని చెప్తారంట, పోకపోతే ఏమవుతుందో చెప్పల్యా అనింది. చెప్పకపోయినదే ఆమెను ఎక్కువ భయపెట్టినట్టుంది.

ఆమెను సాగనంపడానికి దొడ్లోకి వచ్చినాను. బట్టలుతికే బండ పక్కన నేను పెంచుకున్న టమోటా చెట్లు నాలుగు. నీళ్లు పోసే తీరిక లేక రెండు మూడు దినాలుగా వాటిదిక్కే చూడలేదు. మారెక్క పోయినాక చూసినాను. ఆకులు మెలికలు తిరిగి, సన్నగా, కోడికాళ్ల లెక్క.

బండకు ఆనుకుని నీలం డ్రమ్ము బోర్లించి ఉంది. తోటకు ఎరువు కరిగించి పైపుల్లోకి వదిలే డ్రమ్ము అది. కడగడానికని ప్రవీణే ఇంటికి తెచ్చినాడు. కడిగిన నీళ్లు పారింది నా టమోటాల్లోకే.

ప్రవీణ్ కొట్టంలో ఎనుముకు మేత వేస్తుండినాడు. డ్రమ్ములో ఇంకేమి కలిపినావని అడిగినాను. అతను మేత వేయడం ఆపలేదు. కత్తిరింపు అయినాక గట్లమీద గడ్డి చంపడానికి మందు అందులోనే కలిపినాడంట. ఒకసారి నీళ్లతో తొలిపినాడంట. చాల్లే అనుకుని, మళ్లీ దాంట్లోనే ఎరువు కరిగించి వదిలినాడంట, రెండు మూడు తడులు. మాట చెప్తున్నంతసేపూ ఎనుము కొమ్ముల్నే చూస్తున్నాడు.

"నీకెప్పుడు తెలిసింది?" అన్నాను.

"ఆకు చూసినప్పుడే."

"మరి మామ ఆ బొమ్మ చూపించినప్పుడు?"

అతను ఇంకొక మోపు విప్పి ఎనుము ముందర వేసినాడు. ఆ మనిషితో నేను ఆరేండ్లు కాపురం చేసింటిని. మంచివాడే, ఎవరి జోలికీ పోడు. నాయనంటే భయం. ఆ భయానికి ఒక ఎర్రచుక్క దొరికింది, దాని వెనక నిలబడినాడు. రేపు నువ్వే చెప్పు అన్నాను. సరేనన్నాడు. ఆ సరే ఎంతటిదో అనేటప్పుడే నాకు తెలిసింది.

అందుకని నేనే మామ దగ్గరికి పోయినాను. తోటలోనుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. టమోటా కొమ్మ చేతికిచ్చి, ఉన్నది ఉన్నట్టు చెప్పినాను. మామ కొమ్మను అటూ ఇటూ తిప్పి చూసినాడు. ఎండిన బండ మీద ఆయన తడిపాదాల గుర్తులు ఆరిపోయేదాకా ఒక్కొక్క ఆకూ విప్పినాడు. నమ్మడేమో అనుకున్నాను. నమ్మినాడు. అదే నన్ను ఎక్కువ బెదరగొట్టింది.

"వాడు చేయకపోయినా, చేసేవాడే" అన్నాడు. "ఈ పొద్దు కాకపోతే రేపు. గట్టుమీద కూర్చుని వాడు దినమూ చేసింది ఆ ఆలోచనే. నా తోట పోయింది ఇంద్రాణీ. నా కొడుకే చంపినాడని నేను ఊరికి చెప్పుకోవాల్నా? ఈ మాట గడప దాటనీయొద్దు."

కొమ్మను నా చేతికి ఇవ్వలేదు. చూరులో చెక్కి లోపలికి పోయినాడు.

పొద్దున పాలకేంద్రం ముందర జనం. బొమ్మను ప్రవీణ్, కదిరివాళ్లలో చిన్నోడూ చెరొక పక్క పట్టుకుని మోసుకొచ్చినారు. ఇనుపకుర్చీ మీద నిలబెట్టినారు. ఎండ పడేసరికి అది వెలిగిపోయింది. ఆ ఊర్లో ఆ పూట ఉన్న పచ్చ అంతా దాంట్లోనే ఉంది. ఒక పక్క ఆదెప్ప గొంతుక్కూర్చుని ఉన్నాడు, టువాలు తలకు చుట్టుకోకుండా ఒళ్లో పెట్టుకుని. పెద్దమనుషులు అడిగినారు. నేను ఆ గుట్ట ఎక్కల్యా అన్నాడు. మరి ఇదేమిటని బొమ్మ చూపించినారు. నాకేం తెల్సన్నా, నేను బొమ్మలు చూసినోణ్ని కాదన్నాడు. ఎవరో నవ్వినారు. కదిరివాళ్లు నవ్వలేదు. పాలకేంద్రం గోడకు ఆనుకుని నిలబడి, చేతులు కట్టుకున్నారు.

నేను పాలు పోయడానికి వచ్చిన ఆడవాళ్ల మధ్యలో ఉన్నాను. ప్రవీణ్‌దిక్కు చూసినాను. అతను బొమ్మ చట్రాన్ని పట్టుకుని, అది పడిపోతుందేమో అన్నట్టు, దాన్నే చూస్తున్నాడు. భూమి సంగతి ఎత్తినారు. ఆదెప్ప తల వంచినాడు. పెద్దమనిషి, ఇంకెవరైనా చెప్పేదుంటే చెప్పండప్పా అన్నాడు, ఎవరూ చెప్పరని తెలిసిన గొంతుతో.

నేను పాలక్యాను కింద పెట్టి ముందుకు పోయినాను. కొంగులోనుంచి రెండు కొమ్మలు తీసి, కుర్చీమీద బొమ్మ ముందర పెట్టినాను. ఒకటి తోటలోది, ఒకటి దొడ్లో నుంచి పొద్దున్నే తుంచుకొచ్చింది.

"ఇది మా దొడ్లో టమోటా. డ్రమ్ము కడిగిన నీళ్లు దీనికి పారినాయి. డ్రమ్ము మాది" అన్నాను.

పంచాయితీకి పిలిపించిన మందులంగడి ఆయన అక్కడే ఉన్నాడు. వచ్చి రెండు కొమ్మలూ పక్కపక్కన పట్టుకుని చూసి, మామదిక్కు చూడకుండా, ఒకటే మందన్నాడు. అందరి కండ్లూ ప్రవీణ్ మీదికి పోయినాయి. అతను చట్రం వదల్లేదు.

"నేను సరిగా కడగల్యా" అన్నాడు. ఎంత చిన్నగా అన్నాడంటే, వెనకున్నోళ్లు ఏమన్నాడని పక్కవాళ్లను అడిగినారు.

మామ లేచినాడు. టువాలు విదిలించి భుజానేసుకుని, ఎవరిదిక్కూ చూడకుండా ఇంటిదోవ పట్టినాడు. ఆదెప్ప పక్కనుంచే పోయినాడు. ఆగలేదు. కదిరివాళ్లు ఆ మధ్యాహ్నమే బండెక్కినారు. పోతూ పోతూ పెద్దాయన నా దగ్గర ఆగి, మీ మామ ఇప్పుడు ఊర్లో ఎట్ల తలెత్తుకుంటాడమ్మా అని అడిగినాడు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగినాడు.

ఆ దినం నుంచి మామ నేను వండింది తినలేదు. నడవలో ఇటికెలు పేర్చి, తన సంగటి తానే కెలుక్కునేవాడు. ప్రవీణ్‌తో మాట లేదు. నాతో తిట్టూ లేదు, మాటా లేదు. ఇంట్లో ముగ్గురం మూడు చోట్ల తినేవాళ్లం. ప్రవీణ్ ఒకసారి, నేను చెప్పేవాణ్నే, నువ్వు తొందరపడితివి అన్నాడు. నేను సంగటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. జాయ్ వచ్చి బొమ్మను దుప్పట్లో చుట్టి తీసుకుపోయింది. మీకే ఇచ్చిపోమంటారా అని మామను అడిగితే, తీసుకుపో తల్లీ, అట్లాంటి తోట నాకు లేదన్నాడు.

తోట చావడానికి నెల పట్టింది. నీళ్లు మార్చి పారించినారు, ఆవుపేడ నీళ్లు పోసినారు. మెలికలు తిరిగిన చిగురు నల్లబడింది, తర్వాత తీగ, తర్వాత మోడు. చైత్రం పోయేసరికి జంటగుట్టలు మిగతా గుట్టల రంగులో కలిసిపోయినాయి. బస్సులో పోయేవాళ్లు తలకాయలు బయట పెట్టడం మానుకున్నారు.

ఒక పొద్దు మామ మేస్త్రీని పిలిచి, మోళ్లు కొట్టి కూసాలు పీకడానికి మనుషుల్ని తెమ్మన్నాడు. మరుసటి రోజు పొద్దెక్కక ముందే కూలోళ్లు ఆటోలో దిగినారు. అందరికంటే వెనక దిగింది ఆదెప్ప. పని ఉందన్నారు, వచ్చినాడు. ఎవరూ పిలవలేదు, ఎవరూ వద్దనలేదు. చేతిలో గొడ్డలి ఉంది. మిగిలినవాళ్లు దూరంగా ఆగిపోయినారు. అతను మాత్రం నడుచుకుంటూ వచ్చి, గుండు మీద కూర్చున్న మామ ముందర నిలబడినాడు.

"యాడనుంచి మొదలుపెట్టాలన్నా?" అని అడిగినాడు.

మామ తలెత్తి అతని మొగం చూసినాడు. పంచాయితీ అయినాక అదే మొదలు చూడడం. లేచి, ఆదెప్పకు వీపు పెట్టి, పందిరి కిందికి నడిచినాడు. ఆదెప్ప గొడ్డలి భుజానేసుకుని వెనకాలే పోయినాడు. ఎండిన తీగల చిక్కుల్లో ఇద్దరూ కనపడకుండా పోయినారు.

నా పక్కన కూర్చున్న ప్రవీణ్ లేచి నిలబడినాడు.

గొడ్డలి దెబ్బ వినపడింది. తర్వాత ఇంకొకటి. ఎండుకట్టె మీద పడే శబ్దమే. ప్రవీణ్ మెల్లగా కూర్చున్నాడు.